తమ్ముడి దరువు

ఎచ్చెర్ల జంక్షన్లో చెరుకురసం బండి దగ్గర నిలబడి ఉన్నాను. మా అమ్మాయిని యూనివర్సిటీలో దింపి తిరుగు బస్సు కోసం చూస్తున్నాను. బండివాడి ఫోనులో ఏదో పాట వస్తోంది. ఎవరో కుర్రాడు తన ప్రేమ గోడు వెళ్ళబోసుకుంటున్నాడు. గొంతు బాగోలేదు, మాటలు అంతకన్నా బాగోలేవు. పిల్లల తెలుగు దిద్దుకుంటూ బతికినవాణ్ణి కాబట్టి మనసులోనే ఎర్రసిరా పెన్ను తీశాను. ఇంతలో పాట మధ్యలో డప్పు ఒక్క దెబ్బ తడబడింది. పుల్ల జారి అంచుకి తగిలి, మళ్ళీ దారిలో పడింది. రసం గ్లాసు నా చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ తప్పు నాకు తెలుసు. అది చేసినవాడూ తెలుసు, దాన్ని దిద్దనివ్వని మనిషీ తెలుసు. ఇద్దరూ లేరు. రెండో ఆయన కిందటేడు పోయాడని నాకు తెలిసేసరికి నెల దాటిపోయింది. గరివిడి నుంచి బదిలీ అయి వచ్చేశాక అక్కడి కబుర్లు నాకు ఆలస్యంగానే చేరేవి. చివరి రోజుల్లో ఆ దరువు ఎవరడిగితే వాళ్ళకి ఊరికే ఇచ్చేశాడట. అలా అది చేతులు మారి మారి ఈ చెరుకురసం బండి దాకా వచ్చింది. పాట అయ్యేదాకా నిలబడ్డాను. బస్సు వెళ్ళిపోయింది.

ఊరంతా ఆయన్ని మావ అనేవారు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా మావ అనే అనేవారు. నేనూ అలాగే అలవాటు పడ్డాను కనుక ఇక్కడా పేరు చెప్పను. గరివిడిలో షావుకారు గారి కిరాణా కొట్టు మీద మేడ గదిలో ఆయన రికార్డింగు స్టూడియో ఉండేది. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. గోడలకి కోడిగుడ్ల అట్టలు, కిటికీలకి గోనెసంచులు, ఒక కంప్యూటరు, ఒక మైకు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు. వెనక తలుపు తీస్తే ఆయన ఇల్లే. గ్రామదేవతల పాటలు, ఎన్నికల పాటలు, పల్స్ పోలియో పాటలు అన్నీ అక్కడే తయారయ్యేవి. వాటిలో సగానికి మాటలు రాసింది నేను.

కింద కొట్లో ఎండుమిరప బస్తా దింపితే పైన పాడేవాడు దగ్గి చచ్చేవాడు. అందుకని రికార్డింగుకి ముందు మావ మెట్ల మీదికి వచ్చి "షావుకారు గారూ, పాటండీ!" అని కేక పెట్టేవాడు. కింద బస్తాలు ఆగిపోయేవి. ఇక రైలు మాత్రం ఆయన మాట వినదు కదా. గూడ్సు బండి వస్తోందంటే చెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి దిగేదాకా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవాలి. ఓ దాసు గారు హరికథలో నోరు తెరిచినవాడు తెరిచినట్టే, బండి మొత్తం వెళ్ళేదాకా నిలబడిపోవడం నేను చూశాను.

పాట వింటున్నప్పుడు ఆయన ఒక కాలి చెప్పు విడిచేవాడు. రెండో కాలికి చెప్పు ఉండేది. ఉత్త పాదం నేలకి ఆనాలి, అప్పుడే దరువు తెలుస్తుందని ఆయన నమ్మకం. పాడేవాళ్ళు ఎక్కడ అందుకోవాలో చూపుడువేలు ఎత్తి చూపించేవాడు. బాగుందని ఎవరితోనూ అనగా నేను వినలేదు. నచ్చితే "ఉండనీ" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం బొబ్బిలి నుంచి కూడా జనం వచ్చేవారు. నా పాటలు చూసి మాత్రం నుదురు చిట్లించేవాడు.

"మాస్టారూ, ఇందులో ముళ్ళెక్కువున్నాయి. పాడేవోడి గొంతులో దిగిపోతాయి."

"అవి సమాసాలు మావా."

"ఏవైతేనేటి, గుచ్చుకుంతన్నాయి కదా."

నాకు ఒళ్ళు మండేది. ఇంటికి వెళ్ళి ఆ ముళ్ళన్నీ ఏరేసి మర్నాడు తీసుకొచ్చేవాణ్ణి. అలా నా పాటలు కొంచెం మనిషి మాటలైన సంగతి ఒప్పుకోవాలి.

స్మార్టుఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. పాటల కోసం జనం మెమరీ కార్డులు పట్టుకొని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఒకరోజు సోంపేట వైపు మనిషి ఒకడు వచ్చాడు. ఓడల మీద వంటవాడట, అత్తారింటికి గరివిడి వచ్చాడు. కార్డు నింపించుకుని, తన దగ్గరున్న సీడీ ఒకటి ఇచ్చి వెళ్ళాడు. దాని అట్ట మీద తాటిచెట్లు, జడలు కట్టిన జుట్టుతో నవ్వుతున్న మనుషులు, జమైకా అనే పేరు. ఆ దేశపు రెగ్గే పాటలట.

మావ సరదా పడి ఆ పాటలు కొందరి కార్డుల్లో ఎక్కించి పంపాడు. మర్నాడే ఒకడు తిరిగొచ్చాడు.

"మావా, కార్డు పాడైపోనాది. ఒకటే పాట తిరుగుతంది."

"ఒకటే పాట కాదురా. గొంతులు సూడు, వేరేవేరే మనుసులు."

"గొంతులేటి మావా, వాయింపు ఒకటే కదా. తీసీసి మన పాటలెయ్యి."

తరవాత వచ్చినవాళ్ళదీ అదే ఫిర్యాదు. నేనూ విని సీడీ అరిగిందనే అనుకున్నాను. మావ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వరసగా అన్ని పాటలూ వినిపించాడు. వాయిద్యం మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. దాని మీద ఒకడు వేడుకుంటున్నాడు, ఒకడు తిట్టుకుంటున్నాడు, ఒకావిడ నవ్వుతూ పాడుతోంది, ఒక ముసలాయన దేవుణ్ణి తలుచుకుంటున్నట్టున్నాడు. అది ఇంగ్లీషే, కానీ నా బీఎడ్ ఇంగ్లీషుకి ఒక్క ముక్కా అందలేదు. మావకి ఆ బాధ లేదు.

"ఆ దేశంలో ఒకడు దరువు కట్టి ఒగ్గేస్తాడంట మాస్టారూ. వీధి కుళాయిలాటిదన్నమాట. ఎవడి బిందె ఆడు పట్టుకుంతాడు" అన్నాడు. ఆనక చెప్పు విడిచిన పాదంతో నేల తట్టి చూపించాడు. "ఇంకోటి సూడండి. మనం అడుగేసినకాడ కొడతాం. ఆళ్ళు అడుగెత్తినకాడ కొడతన్నారు."

ఆ రోజు నుంచి ఆయనకి అదే ధ్యాస. మన దరువు ఒకటి కట్టాలి, మన వాళ్ళందరి చేతా దాని మీద పాడించాలి, అన్నీ కలిపి ఒక సీడీ చెయ్యాలి. కొట్టడానికి మనిషి ఇంట్లోనే ఉన్నాడు.

ఆయన తమ్ముడు బ్యాండు మేళంలో డప్పు వాయించేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో బయలుదేరుతున్నట్టు ఉండేవాడు. అన్నం కూడా నిలబడే తినేవాడు. చెప్పిన వేళకి వచ్చిన పాపాన పోలేదు. పెళ్ళి చేసుకోరా అంటే తప్పించుకు తిరిగేవాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఊడుపులకీ కోతలకీ వెళ్ళి ఇద్దర్నీ పెంచింది. మావ బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకున్నవాడు. అంచేత వాడు ఏం చేసినా ఆయనకి కోపం వచ్చేది కాదు. మా అందరికీ వచ్చేది.

ఓ మధ్యాహ్నం వాణ్ణి పట్టుకొచ్చి మైకు ముందు నిలబెట్టాడు. వాడు బరంపురం పెళ్ళిళ్ళకి వెళ్ళే హడావుడిలో ఉన్నాడు, మేళం వ్యాను బయట హారన్ కొడుతోంది. అయినా డప్పు చేతిలోకి తీసుకున్నాక ఆ తొందరంతా ఎక్కడికో పోయింది. నింపాదిగా మొదలెట్టాడు. అడుగెత్తిన చోట కొట్టాడు. ఏ గుడి దరువో, ఏ పెళ్ళి దరువో చెప్పడానికి లేదు, కానీ పరాయిది మాత్రం అనిపించలేదు. నాకు కాళ్ళు ఆగలేదంటే నమ్మండి. మధ్యలో ఒకచోట పుల్ల జారింది.

"సెడిపోనాదన్నయ్యా. ఇంకోపాలి కొడతాను" అన్నాడు అయిపోయాక.

అప్పుడే గూడ్సు బండి కూత వినపడింది. వ్యాను హారన్ ఆగట్లేదు. మావ నవ్వి, "ఉండనీ. వచ్చినాక సూద్దాం" అన్నాడు.

వాడు రాలేదు. బరంపురం దాటాక ఏదో మలుపులో వ్యాను తిరగబడింది. మావ రైలెక్కి వెళ్ళేసరికి శవం ఇంటికి తీసుకొచ్చే స్థితిలో లేదన్నారు. అక్కడే కాల్చేసి వచ్చాడు.

ఆ వారమే ఆయన తల్లి గుండె నొప్పితో విజయనగరంలో ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. కొన్నాళ్ళపాటు ఏ చెడు కబురూ చెవిన వెయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడకి చూపు బాగా మందగించింది. మంచం స్టూడియో గోడకి ఆనుకునే ఉండేది, అదే ఆవిడ లోకం. కొన్నాళ్ళే కదా అని మావ చెప్పలేదు. బరంపురం ఎందుకెళ్ళావురా అంటే కొత్త మైకు కోసమన్నాడు. పదోరోజు నెల్లిమర్లలో చంపావతి ఒడ్డున తల్లికి తెలియకుండా కర్మ కానిచ్చి, గుండుతో ఇంటికొచ్చాడు. తల్లి తల నిమిరింది.

"గుండేట్రా?"

"తిరుపతెల్లానమ్మా. నీకు నయమైతే వస్తానని మొక్కున్నాను."

"పెసాదం ఏదీ?"

ఆయన మెట్లు దిగి కిందికి పరిగెత్తాడు. షావుకారు గారు పక్కనున్న మిఠాయి కొట్టునుంచి లడ్డూ తెప్పించి, తన చేతులతో విరిచి పచ్చకర్పూరం నలిపి కలిపి, ఆకులో చుట్టి ఇచ్చారు. షావుకారు గారి కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. పైన ఆ తల్లి దాన్ని కళ్ళకద్దుకుని తింది. నేను అక్కడే ఉన్నాను.

కొన్నాళ్ళు అన్నది నెలలైంది, ఆపైన ఏళ్ళే అయింది. చిన్నవాడు అండమాన్ లో హోటల్లో వాయిస్తున్నాడన్నది కథ. మా వైపు నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళు చాలామంది కనుక అతుక్కుంది. ఫోను అడిగితే సముద్రం మధ్యన అందదన్నారు. షావుకారు గారు, వాడు ఒళ్ళు చేశాడని ఎవరో చెప్పారన్నారు. పాలమ్మాయి, అక్కడ చేపలు చవకట అంది. నేను పేపర్లో చూసి పోర్ట్ బ్లెయిర్ వానల గురించి చెప్పేవాణ్ణి. ఆ అబద్ధానికీ ఒక దరువుంది, దాని మీద వీధిలో అందరం తలో చరణం పాడాం.

పాడాం గానీ, నాకు మావ మీద కోపంగానే ఉండేది. "చెప్పెయ్యండి మావా. ఎన్నాళ్ళని?" అన్నాను ఒకసారి.

ఆయన కంప్యూటరు వైపే చూస్తూ, "ఏ ముక్కతో మొదలెట్టాల మాస్టారూ? ఆ మొదటి ముక్క మీరు రాసీండి. సదివి వినిపించీస్తాను" అన్నాడు. ఎకసెక్కెం కాదు, నిజంగానే అడిగాడు. నేను ఇంటికెళ్ళి కాగితం ముందు కూర్చున్నాను కూడా. రాయలేకపోయాను.

తమ్ముడు పోయాక కొంతకాలం మావ ఆ దరువు జోలికి వెళ్ళలేదు. ఒకనాడు కూరలమ్మే మనిషి ఒకావిడ వచ్చి పాట పాడింది. ఏ వాయిద్యం పెట్టినా ఆ గొంతుకి అతకట్లేదు. చివరికి ఆయన ఆ దరువు పెట్టాడు. గది నిండిపోయింది. గోడ అవతల మంచం కిర్రుమంది. మావ తలుపు తీసి చూస్తే తల్లి లేచి కూర్చుని ఉంది.

"ఇది సిన్నోడి సెయ్యి రా" అంది.

ఆయన గుమ్మంలోంచే, "అవునమ్మా. అక్కణ్ణించి వాయించి కంప్యూటర్లో పంపినాడు" అన్నాడు.

ఆ పూట ఆవిడ మారు అన్నం పెట్టించుకు తింది. మావ ఇరుక్కుపోయాడు. కొన్ని వారాలు పోయేసరికి, సిన్నోడి దగ్గర్నించి ఇంకో పాట రాలేదా అని తల్లి అడిగేది. అడిగినప్పుడల్లా ఆయన ఎవర్నో ఒకర్ని పట్టుకొచ్చి ఆ దరువు మీద పాడించేవాడు. బస్సు కండక్టరు పాడాడు. దాసు గారు పాడారు. వానల్లేక నువ్వు చేను ఎండబెట్టుకున్న రైతొకాయన తన చేనుకే పాట కట్టుకుని పాడాడు. అంతకంటే మంచి పాట ఆ గదిలో నేను వినలేదు. ఒక్కొక్కరికి ఒక్కో రకం దుఃఖమో సంతోషమో, కింద నడిచే దరువు మాత్రం వాడిది. పుల్ల జారిన ఆ చోటు తీసేద్దామని పాడేవాళ్ళు అడిగేవారు. కంప్యూటర్లో నిమిషం పని. మావ ఒప్పుకునేవాడు కాదు.

ఇలా ఎన్ని పాటలు చేయిస్తారు మావా అంటే, "ఆడికి పని దొరకాల మాస్టారూ" అన్నాడు నాతో. "పని లేదంటే ఇంటికొచ్చీమంటాది అమ్మ. అప్పుడు నానెక్కణ్ణించి తేవాల?"

ఇది పిచ్చి అని అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ప్రతి కొత్త పాటకీ గోడ అవతల ఆ ముసలావిడ మంచం మీద లేచి కూర్చుందంటే, ఈయన చెప్పు విడిచి కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు ఆయనకీ తమ్ముడు బతికే ఉన్నట్టుండేది. అది తల్లి కోసమే చేశాడని నేను ఇప్పటికీ అనను.

అంతా సంబరాల మంగళవారం తలకిందులైంది. చెరువు గట్టుకి అటొక ఊరు, ఇటొక ఊరు. ఇద్దరు అమ్మవార్లకీ ఆ ఏడు ఒకే రోజు సంబరం, అంటే జాతర, పడింది. రెండు ఊళ్ళకీ మావ దగ్గరే పాటలు చేయించుకున్నారు. మాటలు వేరు, గొంతులు వేరు, దరువు మాత్రం అదే. మా వైపు ఏ ఊరి అమ్మవారి దరువు ఆ ఊరిదే. పక్క ఊళ్ళో అది కొట్టకూడదు. మావకి అది తెలియక కాదు. ఆయన మనసులో అది అమ్మవారి దరువే కాదు, తమ్ముడిది.

మధ్యాహ్నం ఘటాలు బయలుదేరాయి. ఇటు ఊళ్ళో ఒకావిడకి పూనకం వచ్చి ఊగుతోంది. సరిగ్గా అప్పుడే గట్టు అవతల మైకులో అదే దరువు మొదలైంది. ఆవిడ సగంలో అటు తిరిగి, జనాన్ని చీల్చుకుంటూ పక్క ఊరి వైపు నడవడం మొదలెట్టింది. ఆపబోయిన వాళ్ళని విదిలించేసింది. అమ్మవారు పొరుగూరికి వెళ్ళిపోతోందని ఆడవాళ్ళు గొల్లుమన్నారు. కర్రలు లేచాయి. ఎవరి తలా పగలకుండా బయటపడడం అదృష్టమే.

మర్నాడు పొద్దున్నే రెండు ఊళ్ళ పెద్దలూ మెట్లెక్కి వచ్చారు. అంతవరకూ కొట్టుకున్నవాళ్ళు మావ మీదికి మాత్రం కలిసే వచ్చారు.

"మా తల్లి దరువు పక్కూరి తల్లికెలగిచ్చీసినావు? దరువేటి, తిరణాల్లో బెలూనా, అందరికీ అమ్మడానికి?"

"ఇంతకుముందు పాడినోళ్ళందరికీ ఇదేనంట కదా! ఒక్క దరువుతో ఊరందర్నీ మోసం సేస్తన్నావు."

"సెరిపీ. మా కళ్ళ ముందర సెరిపీ దాన్ని."

ఒక్క మాట చెబితే వాళ్ళు నోరు మూసుకుని వెళ్ళిపోయేవారు. ఇది పోయిన నా తమ్ముడి చెయ్యండీ అంటే చాలు. గోడ అవతల తల్లి ఉంది. మావ దణ్ణం పెట్టాడు. వేలితో గోడ వైపు చూపించాడు, మళ్ళీ దణ్ణం పెట్టాడు. వాళ్ళకి అర్థం కాలేదు. ఇంకెప్పుడూ ఆ దరువు వాడనని అమ్మవారి మీద ఒట్టు వేయించుకుని వెళ్ళారు. దాన్ని చెరిపించకుండా మాత్రం నేనూ షావుకారు గారూ అడ్డుపడి కాపాడాం.

ఆ తర్వాత ఆ దరువు మీద పాడడానికి మనిషి దొరకలేదు. ఏ పాట చేసినా ముందు, "ఆ దరువు కాదు కదా మావా?" అని అడిగేవారు. మావ మెల్లగా చిక్కిపోయాడు. గోడ అవతల్నించి ప్రశ్న వస్తూనే ఉండేది.

"సిన్నోడి పాట రాలేదేట్రా?"

"పని తక్కువగున్నాదంటమ్మా."

"పని నేకపోతే అక్కడేటి సేస్తన్నాడు? వచ్చీమను."

వస్తాడన్నాడు. టిక్కెట్టు దొరకలేదన్నాడు. ఓడ ఆగిపోయిందన్నాడు. చివరికి ఆయన దగ్గర అబద్ధాలు అయిపోయాయి. అలాంటి మనిషిని నేను మరొకర్ని చూడలేదు, ఏ చెడ్డ పనీ చెయ్యకుండా పట్టుబడిన దొంగలా తిరిగేవాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం నాకు కబురు పెట్టాడు. "అమ్మ పాడతానంతంది మాస్టారూ. సిన్నోడి దరువెట్టు, నాను పాడతాను అంతంది. ఒట్టు పెట్టినోళ్ళు ఏటన్నా అననీండి. మీరు కూడా రండి."

తల్లి వయసులో ఉండగా ఊడుపుల పాటల్లో పేరుమోసిన మనిషి. ఆవిడ ముందు పాట అందిస్తే మడి మొత్తం అందుకునేదట. ఒకటే వరస, ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తమ ఇంటి మాట తెచ్చి అందులో కలుపుకునేవారు. నేను ఉత్సాహపడి నాట్ల మీద రెండు చరణాలు రాసి పట్టుకెళ్ళాను. ముళ్ళు లేకుండానే రాశాను.

మంచం మీంచి కుర్చీలోకి మార్చి, నేనూ మావా చెరో పక్కా పట్టుకుని ఆవిడని మైకు ముందుకి తీసుకొచ్చాం. హెడ్‌ఫోను కొప్పుకి అడ్డం పడితే మావ భార్య వచ్చి కొప్పు విప్పింది. తెల్లటి జుట్టు భుజాల మీద పడింది. నేను నా చరణాలు చదవబోయాను.

"నా కూతకి రాతెందుకు బాబూ" అంది ఆవిడ. "పెద్దోడా, ఎట్టరా."

దరువు మొదలైంది. మావ చెప్పు విడిచాడు. అందుకోవాల్సిన చోట వేలెత్తాడు. ఆవిడకి ఆ వేలు కనిపించదు కదా. అందుకోలేదు. దరువు ఒక చుట్టు తిరిగింది. ఆవిడ రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తల కొంచెం వాల్చి వింటోంది. ఆ తర్వాత గొంతెత్తింది.

అది ఊడుపుల పాట కాదు. మా వైపు పుట్టిన ఎవరికైనా ఆ వరస మొదటి పలుకుకే తెలుస్తుంది. ఇంటి ముందు శవాన్ని పడుకోబెట్టినప్పుడు పెద్ద ఆడమనిషి అందుకునే శోకం అది. ఉత్తినే పాడకూడదు. పాడితే ఇంటికి కీడు.

"ఎండన పడి వచ్చీవోడివి నాయినా... నిలబడి తినీవోడివి నాయినా... కూకోమంటే కూకోనేదు, ఇప్పుడెక్కడ కూకున్నావు నాయినా... గోడకి సెవొగ్గి నీ సెయ్యి ఇంతన్నాను నాయినా... నన్నెత్తాల్సినోడివి, నాకంటే ముందెళ్ళినావు నాయినా..."

కోడలు గుమ్మంలో కూలబడిపోయింది. మావ చెయ్యి మౌసు మీద ఉంది, నొక్కట్లేదు, తియ్యట్లేదు. పాట కింద దరువు నడుస్తూనే ఉంది, వాడు ఆ గదిలోనే ఉన్నట్టు. పుల్ల జారే చోటు రాబోతుంటే ఆవిడ ఆగింది. దాన్ని జారనిచ్చింది. అది మళ్ళీ దారిలో పడ్డాక అందుకుంది. దరువు అయిపోయాక కూడా రెండు మాటలు ఉత్త గొంతుతో పాడి ఆపేసింది. హెడ్‌ఫోను తనే తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"బతికున్నోడు పెతిపాలీ ఒక్కకాడే తప్పుతాడేట్రా?" అంది.

మావ నేల మీద కూర్చుండిపోయి ఆవిడ పాదాలు పట్టుకున్నాడు. ఆవిడ ఏడవట్లేదు. ఏడుపు అయిపోయింది.

"ఎప్పుడు?"

"నిన్ను ఆస్పత్రి నుంచి తెచ్చిన వారంలోనమ్మా."

"ఎక్కడ?"

"బరంపురం కాడ."

"ఎవులు కాల్చినారు?"

"నానే."

కింద షావుకారు గారి కొట్లో ఎవరో బెల్లం అడుగుతున్నారు. నేను లేచి వెళ్ళిపోదామనుకుని, చరణాల కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను.

"ఆడక్కడ కాల్తన్నప్పుడు నానిక్కడ అన్నం తింతన్నానేట్రా?"

మావ తల ఎత్తలేదు. "తిన్నావమ్మా. నానే నీ కోడలికి ఫోన్ సేసి పెట్టమన్నాను. మానేస్తే నీకు తెలిసిపోతాదని."

"ఏటి కూర?"

ఇక్కడైనా ఆయన అబద్ధం ఆడతాడనుకున్నాను. ఆడాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. ఇన్నేళ్ళు ఆడినవాడికి ఇంకొక్కటి ఎంత?

"సేపలు" అన్నాడు.

ఆవిడ చీర చెంగు వెతుక్కుని నోరు తుడుచుకుంది. తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుంది.